పలక లేచేదాకా

దుమ్ము నెల, రెండో రోజు

పొద్దున ఊరికి గాలి అందించే యంత్రాల సర్క్యూట్ పలక మీది దుమ్ము తుడిచాను. పెద్ద ఫ్యాను బేరింగులకు నూనె పెట్టాను. షట్టరు రబ్బరు పట్టీ ఒకచోట ఊడుతోంది, జిగురు పూశాను. మధ్యాహ్నం దుమారం వచ్చి సోలార్ రేకులను కప్పేసింది. కరెంటు బ్యాటరీల మీదికి మారింది. మారేటప్పుడు రెప్పపాటు పోతుంది, ఆ రెప్పపాటుకే పలక పడుకుంది. మళ్ళీ లేవడానికి ఇరవై నిమిషాలు పట్టింది.

నియమం ప్రకారం ఇక్కడ "పలక లేచింది, అంతా సక్రమం" అని రాసి పుస్తకం మూసేయాలి. నా ముందు ఈ కుర్చీలో కూర్చున్నవాళ్ళంతా అదే రాశారు. పోయిన దుమ్ము నెలలో మా నాయిన పడిపోయిన రోజు పేజీ తీసి చూశాను. ఆ రోజు కూడా అంతా సక్రమమే.

నేను ఇంకొంచెం రాస్తాను.

పలక పడుకోగానే ఫ్యాను ఆగి షట్టరు మూసుకుంటుంది. పై వరసలో గంట కొడతారు. ఇళ్ళలో దీపాలు తగ్గించి, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని, అందరూ కళ్ళు మూసుకుంటారు. దీన్ని గాలి మౌనం అంటారు. పలక ఊరి గాలి గురించి ఆలోచిస్తోందనీ, ఆ ఆలోచన చెడగొట్టకూడదనీ నమ్మకం. నాలుగో తరగతి వాచకంలో 'ఓర్పు' అనే పాఠం దీని మీదే. ఆ పాఠం తప్పు లేకుండా అప్పజెప్పి నేను బహుమతి కూడా తెచ్చుకున్నాను. మౌనం అయ్యాక పై వరసలో అందరికీ పటికబెల్లం పంచుతారు.

కింది వరసలో గంట లేదు, చేత్తో తిప్పే గాలి చక్రం ఉంది. పైన మూత వేసిన పాత బండల గని ఈ ఊరు, అందులో అన్నిటికన్నా లోతున మా ఇళ్ళు. పాడు గాలి బరువుగా దిగి మా దగ్గరే నిలుస్తుంది. అందుకని ఇద్దరిద్దరు చొప్పున వంతులేసుకుని చక్రం తిప్పుతారు. తడి గోనె తెరల్లోంచి బయటి గాలి లోపలికి వస్తుంది. వచ్చిన గాలి గొట్టంలో ముందు పై వరసకు పోతుంది, మిగిలింది మాకు దిగుతుంది. గొట్టం వేసినవాళ్ళు అలా వేశారు.

ఇవాళ గంట కొట్టినప్పుడు నేను పైన ఉన్నాను. మౌనంలో పై వరసలో కూర్చోవడం నాకిదే మొదటిసారి. గొట్టం మూతిలోంచి చల్లగా గాలి వచ్చి నా మొహానికి తగిలింది. దాని వెనకే, చాలా దూరం నుంచి, చక్రం కిర్రుమనడం వినిపించింది. ఇవాళ వంతు మా అమ్మది.

నా పక్కన కూర్చున్నావిడ కళ్ళు మూసుకునే, "ఎంత హాయిగా ఉంటుందో కదా ఈ కాసేపు" అంది.

పలక లేచింది.

దుమ్ము నెల, ఐదో రోజు

పలకతో పాటు వచ్చిన సూచనల పుస్తకంలో దాని వేగం రాసి ఉంది. ఆ వేగానికీ ఇరవై నిమిషాలకూ పొంతన కుదరలేదు. రెండు రోజులుగా బూట్‌లోడర్ చదువుతున్నాను. పలకకు కరెంటు తగలగానే మొదట మేలుకునే చిన్న ప్రోగ్రాం అది. అసలు ప్రోగ్రాంను నిల్వలోంచి తెచ్చి పెద్ద మెమరీలో పెడుతుంది, ఒక్కో అక్షరం చదివి లెక్క కట్టి, ముందే రాసి పెట్టిన ముద్ర అంకెతో సరిపోయిందో లేదో చూస్తుంది. సరిపోతే దాని చేతికి పని అప్పగిస్తుంది. ఫ్యాను, షట్టరు అప్పుడు కదులుతాయి.

ఈ పని ఎలా చేస్తోందో ఇవాళ చూశాను.

ప్రాసెసర్‌కు పెద్ద మెమరీ దూరం. అందుకే దాని పక్కనే చిన్న మెమరీ ఒకటి కట్టి ఉంటుంది, క్యాషే అంటారు. మా ఇళ్ళలో తొట్టి వీధి చివర ఉంటుంది, బిందె పొయ్యి పక్కన ఉంటుంది. వంట చేసేవాళ్ళు బిందెలోంచి ముంచుకుంటారు. గరిటెడు నీళ్ళు కావలసినప్పుడల్లా తొట్టిదాకా నడిచేవాళ్ళు ఎవరూ ఉండరు. మా పలక నడుస్తోంది. లెక్కలో అడుగు వేసే ప్రతిసారీ, ఆ అడుగు ఎలా వేయాలో చెప్పే ఆజ్ఞ కోసం కూడా, వీధి చివరిదాకా పోయి వస్తోంది. బిందె పక్కనే ఖాళీగా ఉంది.

క్యాషేను ఎవరో మూశారేమో, ఏదో కారణం ఉండి ఉంటుందేమో అని మొదట వెతికాను. ఎవరూ మూయలేదు. కరెంటు వచ్చినప్పుడు అది మూసే ఉంటుంది, బూట్‌లోడర్ రాసినవాళ్ళు తెరవాలి. తెరవలేదు, అంతే. ఊరు మొదలైనప్పటి నుంచీ ఇన్నేళ్ళలో ఈ కుర్చీలో కూర్చున్న ఒక్కరికీ ఆ అవసరం కనబడలేదు. వాళ్ళకు ఊపిరాడకపోతే కదా కనబడేది.

ఎవరైనా కావాలని మూసి ఉంటే నా కోపానికి ఒక మనిషి దొరికేవాడు.

దుమ్ము నెల, ఆరో రోజు

పలకల గది పెద్ద విఠల్‌రావు గారికి చెప్పాను. ఆయన చెడ్డమనిషి కాదు. కింది వరస పిల్లను ఈ గదిలోకి తీసుకున్నది ఆయనే. ఆ మాట ఆయనే తరచూ చెబుతుంటారు.

"నడుస్తున్నదాన్ని కదపడం దేనికి బాలమణీ?"

"ఇరవై నిమిషాలు పడుతోంది సార్. క్యాషే తెరిస్తే ఒక్క నిమిషం కూడా పట్టదు."

"అది పరీక్ష చేస్తోందమ్మా. ఇరవై నిమిషాలు చూసేదాన్ని నిమిషంలో చూసిందంటే, చాలా భాగం చూడనట్టే కదా."

"ఒక్క అక్షరం కూడా వదలదు సార్. చూడటం అంతే ఉంటుంది, నడక తగ్గుతుంది."

"తొందరగా బియ్యం ఏరితే రాళ్ళు మిగులుతాయి. మీ అమ్మను అడుగు, చెబుతుంది."

"మా అమ్మ వెలుతురులో ఏరుతుంది సార్. మీరు చీకట్లో ఏరమంటున్నారు."

ఆయన నవ్వారు. "మాటలు బాగా నేర్పారు బడిలో. చూడు, ఈలోగా గాలికి మీవాళ్ళ చక్రం ఉంది. ఎవరికీ లోటు లేదు. మీవాళ్ళ రొమ్ములు గట్టివి."

"మా నాయినదీ గట్టిదే సార్. పోయినేడు చక్రం దగ్గరే ఆగింది."

ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. చివరికి, "విడి పలక ఒకటి అల్మరాలో ఉంది. దాని మీద చేసి చూపించు. అసలు పలక మాత్రం ముట్టుకోవద్దు" అన్నారు.

దుమ్ము నెల, తొమ్మిదో రోజు

విడి పలక మీద క్యాషే తెరిచాను. విఠల్‌రావు గారు వెనక నిలబడి చూశారు. లెక్క అర నిమిషంలో పూర్తయింది, ముద్ర సరిపోయింది. పని అప్పగించే చోటుకు వచ్చి పలక చచ్చిపోయింది. దీపం ఎర్రగా నిలిచిపోయింది.

"చూశావా" అన్నారాయన. గొంతులో ఎగతాళి లేదు, జాలి ఉంది. ఎగతాళే నయం.

మధ్యాహ్నం అన్నం తినకుండా కూర్చున్నాను. తప్పు నాదే. తెచ్చిన ప్రోగ్రాంలో కొంత ఇంకా బిందెలోనే ఉంది, తొట్టిలోకి చేరలేదు. అప్పగించే ముందు నేను బిందెను పక్కన పెట్టేశాను. అసలు ప్రోగ్రాం తొట్టి దగ్గరికి పోయి చూస్తే అక్కడ పాత చెత్త ఉంది. బిందెలో ఉన్నదంతా తొట్టిలో పోసి, ఆ తర్వాతే బిందె బోర్లించమని నాలుగు ఆజ్ఞలు కలిపాను. పలక లేచింది. ఇంకో మూడుసార్లు పడుకోబెట్టాను, మూడుసార్లూ లేచింది.

అప్పుడు రెండో తప్పు బయటపడింది. ఇది మొదటిదానికన్నా ప్రమాదం. పని అప్పగించే ముందు బూట్‌లోడర్ షట్టరు మూసి ఉందో లేదో చూసుకుంటుంది. షట్టరు మీటను నేను చేత్తో తెరిచినా పలక మూసే ఉందంటోంది. షట్టరును చూడటానికి పోకుండా, మొదటిసారి చూసి బిందెలో దాచుకున్న జవాబే మళ్ళీ మళ్ళీ చెబుతోంది. నీళ్ళు దాచుకోవచ్చు, కాపలా దాచుకోకూడదు. పొద్దున తలుపు మూసి ఉందంటే రాత్రికీ మూసే ఉంటుందని కాదు. షట్టరు, ఫ్యాను, గాలి కొలిచే ముల్లు ఉండే చోట్లను విడిగా గుర్తు పెట్టి, వీటిని ఎప్పుడూ స్వయంగా పోయే చూడాలని పట్టిక రాశాను.

ఇది పట్టుకోకుండా అసలు పలకలో పెట్టి ఉంటే, షట్టరు ఎలా ఉందో తెలియకుండానే పలక ఫ్యానును తిప్పేది. విఠల్‌రావు గారి భయం పూర్తిగా ఉత్తది కాదు. కానీ భయపడ్డవాడు పరీక్షించాలి. వీళ్ళు భయపడి పాఠం రాసుకున్నారు.

దుమ్ము నెల, పన్నెండో రోజు

విడి పలక ఇప్పటికి ఎన్నిసార్లు పడుకుని లేచిందో నేనే మరిచిపోయాను. ఒక్కసారి కూడా తప్పలేదు. విఠల్‌రావు గారు దాన్ని పెద్దల సభకు తీసుకుపోయారు.

సాయంత్రం కిందికి పోయేసరికి ఆ కబురు నాకన్నా ముందే దిగింది. అమ్మ, ఆమెతో చక్రం తిప్పే లింగయ్య మామ, గోనె తెరలు తడుపుతున్నారు.

"ఏమే మణీ, చక్రం బందు జేస్తవట" అన్నాడు మామ.

"బందు గాదు మామా. దాని అక్కర లేకుంట జేస్త."

"అక్కర లేకపోతే బడి సీటెట్లిస్తరు? చక్రం దిప్పే ఇంటికే సీటు. నీకచ్చింది. వచ్చే యేడు మా మనుమరాలికి వస్తది. ఏరు దాటినంక తెప్ప తగలవెడ్తవా బిడ్డా?"

సీటు సంగతి నాకు తెలియనిది కాదు. మా ఇంట్లో అక్షరం ముట్టిన మొదటి మనిషిని నేను. ఆ అక్షరాలు ఎక్కడి నుంచి వచ్చాయో నాకు తెలుసు. అయినా బూట్‌లోడర్ చదివిన ఇన్ని రోజుల్లో అది ఒక్కసారి కూడా గుర్తు రాలేదు.

అమ్మ గోనె పిండుతూనే అంది: "లింగయ్యా, సీటు కోసం దిప్పుతున్నమా మనం? ఊపిరి కోసం దిప్పుతున్నం. పిల్లలు సదువుకోవాలంటే పెద్దోళ్ళు సావాల్నని ఎవడు రాసిండు?"

"రాసినోళ్ళు పైనున్నరు."

"మరి వాళ్ళతోనే కొట్టేపిద్దాం" అంది అమ్మ. ఆ మాట అన్నాక దగ్గు వచ్చింది. ఈ నెలలో ఆ దగ్గు ఎక్కువైంది. గోడకు చెయ్యి ఆనించి, తగ్గేదాకా నిలబడి, మళ్ళీ గోనె అందుకుంది.

దుమ్ము నెల, పద్నాలుగో రోజు

సభ వద్దంది. దుమ్ము నెలలో మార్పులు మంచివి కావట, వచ్చే ఏడు ఆలోచిస్తారట. ఇది విఠల్‌రావు గారు నా మొహం చూడకుండా చెప్పారు.

"పలక బాగాలేదన్నారా సార్?"

"పలక గురించి కాదు. మౌనం పోతే పిల్లలకు ఓర్పు ఎలా అలవడుతుందని ఒకరన్నారు. అందరూ తలలూపారు."

"మీరు ఏమన్నారు సార్?"

ఆయన అల్మరాకు తాళం వేశారు.

ఇంటికి పోయి చెప్పాను. మామ ఉమ్మేశాడు. అమ్మ మాత్రం కుదురుగా, పెళ్ళి మాటలు మాట్లాడినట్టు మాట్లాడింది.

"ఓర్పు మంచిదే గదా. మనం గూడ నేర్సుకుందాం. ఈసారి గంట గొడితే మనం గూడ కండ్లు మూసుకుని కూసుందాం."

"చక్రం?" అన్నాడు మామ.

"చక్రానికి గూడ ఓర్పు రానీ."

"మనకే ముందు ఊపిరాడదు ఎల్లవ్వా."

"మనకు అలవాటే. పసిపిల్లలున్నోళ్ళు సగం మెట్ల మీద కూసుంటరు. నువ్వు చక్రం పక్కనే కూసో, ఎవరన్న తూలితే తిప్పు." మళ్ళీ నా వైపు తిరిగి, "మణీ, అయినంక మాకు గూడ పటికబెల్లం పంపుమను" అంది.

మామ నవ్వాడు. ఆయన నవ్వగా చూసి ఏడాదైంది.

నేను వద్దన్నాను. అమ్మ ఛాతీ సంగతి గుర్తు చేశాను. "నీ పలక సంగతి నువ్వు జూడు, నా రొమ్ము సంగతి నేను జూస్త" అంది.

దుమ్ము నెల, పదహారో రోజు

పొద్దెక్కుతుండగా దుమారం వచ్చింది. పలక పడుకుంది. పైన గంట కొట్టారు.

గొట్టం మూతి దగ్గర చెయ్యి పెట్టాను. గాలి రాలేదు. కిర్రు వినబడలేదు. పై వరస మౌనం నిజంగా మౌనంగా ఉండటం ఈ ఊళ్ళో ఇదే మొదటిసారి అయి ఉంటుంది.

మొదట ఎవరూ గమనించలేదు. కాసేపటికి ఎవరో దగ్గారు. ఇంకెవరో కిటికీ రెక్క తీశారు, ఇంటి బయట ఉన్నదీ గనిలోని అదే గాలి. పిల్ల ఒకతి, "అమ్మా, తలనొప్పి" అంది. "ష్, మౌనం" అన్నారెవరో. తర్వాత ఆ అన్నవాళ్ళే లేచి నిలబడ్డారు. నేను కుర్చీలో కూర్చుని ముల్లు వైపు చూస్తున్నాను. పైన ముల్లు ఇలా జరుగుతుంటే కింద ఎంతదాకా జరిగి ఉంటుందో నాకు తెలుసు. పరుగెత్తి కిందికి పోయి చక్రం నేనే తిప్పాలనిపించింది. కుర్చీ చేతులు గట్టిగా పట్టుకున్నాను.

విఠల్‌రావు గారు చెమటతో వచ్చారు. "కింద చక్రం ఆగింది. ఏమైంది?"

"మౌనం పాటిస్తున్నారు సార్."

"ఎవరు?"

"మావాళ్ళు. ఓర్పు నేర్చుకుంటున్నారు."

ఆయన నన్ను చూశారు. ఆ చూపులో కోపం ఉంది, ఇంకేదో కూడా ఉంది. "నువ్వు రాసింది పెట్టు. ఇప్పుడే పెట్టు. సభకు నేను చెప్పుకుంటాను."

"ఇప్పుడు పెట్టలేను సార్."

"పంతమా ఇది?"

"పంతం కాదు సార్. పలక లెక్క మధ్యలో ఉంది. మధ్యలో రాస్తే ఇక ఎప్పటికీ లేవదు. లేచేదాకా ఆగాలి."

"ఎంతసేపు?"

"ఇంకా సగం కాలేదు."

ఆయన స్టూలు మీద కూలబడ్డారు. చొక్కా పై గుండీ విప్పుకున్నారు. ఎర్ర దీపం వైపు ఇద్దరం చూస్తూ ఉన్నాం. అది ఆలోచిస్తోందని ఆయన ఈసారి అనలేదు. గరిటె పట్టుకుని తొట్టికీ పొయ్యికీ మధ్య తిరుగుతున్న పలక నా కళ్ళకు కనిపిస్తోంది. కాసేపటికి ఆయనకూ కనిపించి ఉంటుంది. "ఇంత నెమ్మదా" అన్నారు, తనలో తాను.

"ఆగుతూ ఉన్నాం కదా సార్, ఒక మాట. కింది వరసలో బడి సీటు చక్రం తిప్పే ఇంటికే అన్న నియమం తీసేయాలి. పిల్ల ఉన్న ప్రతి ఇంటికీ సీటు ఉండాలి."

"దానికీ దీనికీ ఏమిటి సంబంధం?"

"సంబంధం మీరే పెట్టారు సార్. మేము విడదీయమంటున్నాం."

ఆయన ఊపిరి తీసుకుని వదిలారు. తీసుకున్నదాంట్లో సగం కూడా దక్కినట్టు లేదు. "రాయి" అన్నారు. రాశాను. ఆయన సంతకం పెట్టారు, అక్షరాలు వంకరపోయాయి.

అప్పుడే గొట్టంలో కిర్రు మొదలైంది. కింద ఎవరో తూలారు. ఎవరన్నది పైనుంచి తెలియదు. పలక ఇంకా లేవలేదు. నేను పుస్తకం మూసి, మళ్ళీ తెరిచి, ఈ పేజీ రాస్తూ కూర్చున్నాను. చేతులకు ఏదో పని ఉండాలి.

పలక లేచాక కొత్త బూట్‌లోడర్ పెట్టాను. ముద్ర సరిచూశాను. షట్టరును చేత్తో కదిపి చూశాను, నిజం చెప్పింది. ఆ తర్వాత కిందికి పరుగెత్తాను.

తూలింది అమ్మే. మామ మీద కోప్పడుతూ కూర్చుని ఉంది. "ఇంకొంచెం ఆగితే నీ సొమ్మేం పోయేది లింగయ్యా? వాళ్ళకింక రుచి తెల్వనే లేదు" అంటోంది. పెదాలు నీలంగా ఉన్నాయి. సంతకం చూపించాను. చదవడం రాదు కనుక వేలితో తడిమి చూసింది.

దుమ్ము నెల, పద్దెనిమిదో రోజు

పొద్దుటి నుంచే దుమారం వచ్చేలా ఉంది. విఠల్‌రావు గారిని పలక దగ్గర కూర్చోమని చెప్పి నేను కిందికి వచ్చాను. ఇవాళ్టి నమోదు చక్రం పక్కన కూర్చుని రాస్తున్నాను.

అందరూ వచ్చారు. వంతు అమ్మదీ మామదీ. తిప్పే అవసరం ఉండదని అమ్మకు చెప్పాను. "ఉంటదో ఉండదో జూద్దాం" అని కొంగు నడుముకు చుట్టుకుని పిడి పట్టుకుంది. పిడి చెక్క అరిగి చేతుల ఆకారంలో గుంటలు పడింది. లోపలి గుంటలు అమ్మవి. బయటివి పెద్దవి, నాయినవి. వాటిలో ఇప్పుడు మామ చేతులు ఉన్నాయి.

దీపాలు రెప్పపాటు ఆరి వెలిగాయి. పలక పడుకుంది. పైన ఎవరో అలవాటుగా గంట కొట్టారు. అమ్మ, మామ బలమంతా వేసి మొదటి చుట్టు తిప్పారు. చక్రం ఎప్పుడూ మొదట మొండికేస్తుంది, తర్వాత లొంగుతుంది. లొంగింది. కొన్ని చుట్లు తిరిగింది, అంతే. పైన షట్టరు తెరుచుకున్న చప్పుడు వినిపించింది. పెద్ద ఫ్యాను అందుకుంది. గాలి మెట్ల మీదుగా దిగి మా మొహాలకు తగిలింది.

ఎవరో నవ్వారు. పిల్లలు మెట్ల మీద గంతులేశారు. లింగయ్య మామ పిడి వదిలేసి తన చేతులను చూసుకున్నాడు.

అమ్మ వదల్లేదు. గాలిలో జుట్టు ఎగురుతుంటే అలాగే వంగి నిలబడింది.

"అయిపాయెనా?" అంది.

"అయిపోయిందమ్మా."

"గింతేనా?"

"అంతే."

"గింతదానికా మీ నాయిన..."

బయటి గుంటల్లో ఒకదాని మీద చెయ్యి పెట్టింది. ఫ్యాను హోరులో ఆమె ఏడ్చిందో లేదో నాకు వినబడలేదు. నేను ఆమె పక్కన నిలబడ్డాను. నా చెయ్యి కూడా ఆ గుంట మీద పెట్టాను. అది నా చేతికి పెద్దది.

పలక లేచింది. నియమంలోని రెండో మాట నేను రాయను.